శ్లాబు ఉరుస్తోంది, ఓనరు పలకడం లేదు: అద్దెకుండేవాళ్ళు ఎక్కడ దెబ్బతింటున్నారు, ఏం చేయాలి

విశాఖలో వకీలు గుమాస్తాగా ఇరవై ఏళ్ళ నుంచి అద్దె ఇళ్ళ నోటీసులు టైపు చేస్తున్నాను. తుపాన్ల కాలం మొదలయ్యాక వచ్చేవాళ్ళు చెప్పేది ఒకటే: శ్లాబు ఉరుస్తోంది, పెచ్చులు ఊడుతున్నాయి, ఓనరు "చూద్దాం" అంటున్నారు. నేను మొదట అడిగేదీ ఒకటే: "కాగితం మీద ఎప్పుడు చెప్పారు?" చాలామంది జవాబుగా ఫోన్ తీసి కాల్ లిస్టు చూపిస్తారు. ఆ కాల్స్‌లో ఏం మాట్లాడుకున్నారో రేపు ఎలా రుజువు చేస్తారు?

సమస్య: ఎన్నిసార్లు చెప్పినా బాగు చేయించడం లేదు

కారణం: మీరు చెప్పినట్టు చూపించడానికి రుజువు లేదు. ఆస్తి బదిలీ చట్టం, 1882లో 108వ సెక్షన్ ఉంది. ఓనరు తాను చేయించాల్సిన మరమ్మతును నోటీసు అందాక తగిన గడువులో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకోవచ్చు, లేదా ఓనరు దగ్గర వేరేగా రాబట్టుకోవచ్చు. నోటీసు లేకపోతే ఈ హక్కు మొదలే కాదు.

పరిష్కారం: ఒక పేజీ ఉత్తరం చాలు. ఏ గదిలో ఏం పాడైంది, ఎప్పటి నుంచి, ఎన్ని రోజుల్లో బాగు చేయించాలి, లేకపోతే నేనే చేయించుకుని అద్దెలో తగ్గించుకుంటాను అని రాయండి. ఫోటోలు జతచేయండి. గడువు ఇన్ని రోజులని చట్టంలో లేదు. ఉరుపుకైతే మేం పదిహేను రోజులు రాస్తాం, తడిసిన గోడ ముట్టుకుంటే షాక్ కొడుతుంటే రెండు రోజులే. అగ్రిమెంటులో ఓనరుగా ఎవరి పేరుందో ఆయనకే స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. ఓనరు అమెరికాలో ఉండి అద్దె ఆయన బావమరిది వసూలు చేస్తుంటే ఇద్దరికీ పంపండి. వాట్సాప్‌లో కూడా పెట్టండి, ఆ ఫోన్ మార్చినా పాతది పారేయకండి.

సముద్రం దగ్గరి ఇళ్ళవాళ్ళు ఇంకో మాట చేర్చాలి. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు ఉప్పుగాలికి శ్లాబు లోపలి ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, అప్పుడే పెచ్చులు ఊడతాయి. ఓనరు మేస్త్రీని పంపి సిమెంటు పూయిస్తే అది మళ్ళీ రాలుతుంది. "వదులైన కాంక్రీటు కొట్టేసి, తుప్పు గీకి, చువ్వలకు పూత వేసి బాగు చేయాలి" అని స్పష్టంగా రాయండి. లేకపోతే పైపూతనే మరమ్మతు అంటారు.

సమస్య: "రిపేర్లు మీవే, అగ్రిమెంటులో ఉంది" అంటున్నారు

నన్ను దెబ్బతీసింది ఇదే. అందుకే ఎక్కువ చెబుతాను.

108వ సెక్షన్ మొదట్లోనే ఒక షరతు ఉంది: ఒప్పందంలో గానీ స్థానిక ఆచారంలో గానీ ఇందుకు భిన్నంగా లేనప్పుడే ఈ నియమాలు వర్తిస్తాయి. అదీగాక ఖర్చు తగ్గించుకునే హక్కు "ఓనరు చేయించాల్సిన" మరమ్మతుకే ఉంది. ఇల్లంతా ఓనరే బాగు చేయించాలని ఆ సెక్షన్ ఎక్కడా చెప్పదు. కాబట్టి అగ్రిమెంటులో ఒక్క వాక్యం మారితే మీ హక్కు మొత్తం మారిపోతుంది. ఆ వాక్యం మొదటి అగ్రిమెంటులో కాదు, రెన్యువల్‌లో వస్తుంది.

చినవాల్తేరులో మేం మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. మొదటి అగ్రిమెంటులో పెద్ద మరమ్మతులు ఓనరువేనని ఉంది. రెండో వానాకాలంలో పడకగది శ్లాబు ఉబ్బింది. చెప్పాను. "సంక్రాంతి వెళ్ళాక చేయిద్దాం" అన్నారు. సంక్రాంతి వెళ్ళింది, పదకొండు నెలలు నిండాయి, కొత్త స్టాంపు పేపరు వచ్చింది. అద్దె అంకె చూశాను, తేదీ చూశాను, సంతకం పెట్టాను. ఆగస్టులో ఒక రాత్రి పాప చదువుకునే బల్ల మీద పెచ్చు పడింది. అప్పటికి పాప వంటింట్లో ఉంది. నోటీసు ఇచ్చి, గడువు ఆగి, ముప్పై ఎనిమిది వేలు పెట్టి బాగు చేయించి, అద్దెలో తగ్గించాను. జవాబు నోటీసుతో పాటు కొత్త అగ్రిమెంటు నకలు వచ్చింది. అందులో తొమ్మిదో షరతు: "ఇంటిని అన్ని విధాలా మంచి స్థితిలో స్వాధీనం చేసుకున్నాను. చిన్నా పెద్దా మరమ్మతులన్నీ అద్దెదారే చేయించుకోవాలి." రోజూ ఇలాంటి కాగితాలు చదివే నేను నా కాగితం చదవలేదు. సగం డబ్బుకు రాజీపడ్డాం.

ఆ షరతు రెండు పనులు చేసింది. బాధ్యతను నా మీదికి మార్చింది. ఉరుపు అప్పటికే ఉందన్న నిజాన్ని నా సంతకంతోనే చెరిపేసింది. తర్వాత ఎన్నో అగ్రిమెంట్లు చూశాను. చాలాసార్లు ఇది ఓనరు ఎత్తు కూడా కాదు. టైపు చేసేవారి కంప్యూటర్లో ఒక నమూనా ఉంటుంది, పేర్లూ అద్దే మార్చి ప్రింట్ తీస్తారు. ఓనరు కూడా చదివి ఉండరు. అందుకే సంతకానికి ముందు అడిగితే చాలామంది మారుస్తారు.

ఇంకా సంతకం పెట్టకపోతే పాత అగ్రిమెంటూ కొత్తదీ పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం చదవండి. "మంచి స్థితి", "అన్ని మరమ్మతులు", "యథాతథంగా" అన్న మాటలు వెతకండి. అవి కొట్టేసి ఇద్దరూ పక్కన సంతకాలు పెట్టాలి. ఇప్పటికే ఉన్న లోపాలను ఫోటోలతో జాబితాగా అగ్రిమెంటుకు కలపండి. ఓనరుతో మొహమాటం అనిపిస్తుంది. ఆ అరగంట మొహమాటం భరించండి.

సంతకం అయిపోయిందా? అప్పుడూ దారులున్నాయి. సంతకం తర్వాత ఓనరు "చేయిస్తాను" అని పంపిన మెసేజ్ ఏదైనా ఉంటే అది చాలా విలువైనది. షరతులో "చిన్న మరమ్మతులు" అని మాత్రమే ఉంటే శ్లాబు, చువ్వలు అందులోకి రావని వాదించవచ్చు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో పనుల విభజన ఉంది: నిర్మాణ మరమ్మతులు, సున్నం, రంగులు, పైపుల మార్పిడి, వైరింగ్ ఓనరువి, కుళాయి వాషర్లు, కాలువ శుభ్రం, స్విచ్చులు, కిటికీ అద్దాలు అద్దెదారువి. అది నమూనా మాత్రమే, మీ ఒప్పందాన్ని రద్దు చేయదు. రాజీ మాటల్లో కొలబద్దగా బాగా పనికొస్తుంది. ఇల్లు కొత్తగా తీసుకున్నవాళ్ళకు ఇంకొకటి: మామూలు జాగ్రత్తతో కనిపించని పెద్ద లోపం ఓనరుకు తెలిస్తే, దాన్ని అద్దెదారుకు చెప్పి తీరాలని 108వ సెక్షనే అంటుంది. ఉరుపు మరకల మీద కొత్త రంగు వేసి చూపించిన ఇళ్ళకు ఇది సరిగ్గా సరిపోతుంది.

సమస్య: అద్దె ఆపేశాను, ఇప్పుడు ఖాళీ చేయమంటున్నారు

అద్దె మొత్తం ఆపొద్దు. చెబుతూనే ఉంటాం, ఆపుతూనే ఉంటారు. ఆపిన రోజు నుంచి గొడవ శ్లాబు మీద ఉండదు, మీ బకాయి మీదికి మారుతుంది. ఆపేసి ఉంటే బకాయి ఈ రోజే బ్యాంకు ద్వారా కట్టండి. నోటీసు గడువు దాటాక, నిజంగా ఖర్చయినంతే, బిల్లులు జతచేసి, ఏ నెలలో ఎంత తగ్గించారో రాసి పంపుతూ తగ్గించండి. మిగతాది తేదీకి పడాలి. నోటీసులో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం సెక్షన్లు రాయకండి, ఆంధ్రప్రదేశ్ 2017లో దాని స్థానంలో వేరే చట్టం తెచ్చింది.

మిగతావి

తాళం మార్చి బయటికి నెట్టేస్తే నిర్దిష్ట ఉపశమన చట్టం, 1963లోని 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేయాలి, ఆలస్యం చేయకండి. ఉరుపు పై ఫ్లాటు బాత్రూం నుంచి వస్తుంటే కూడా నోటీసు మీ ఓనరుకే. అసోసియేషన్‌తో మాట్లాడాల్సింది ఆయన. ఇల్లు అమ్మేస్తే కొత్త ఓనరుకు మళ్ళీ నోటీసు ఇవ్వండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పటిలా తుపానుకు ఇల్లు శాశ్వతంగా నివాసానికి పనికిరాకుండా పోతే అద్దె ఒప్పందాన్ని వదులుకునే హక్కు మీకుంది. కూలేలా ఉందని జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకు) ఫిర్యాదు చేసేముందు ఆలోచించండి: నిజంగా ప్రమాదం ఉంటే వెంటనే చేయండి, బేరానికి వాడితే భవనం అంతా ఖాళీ చేయాల్సి రావచ్చు.

వకీలు ఫీజు గురించి టెన్షన్ ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పెట్టుకోవచ్చు. వెళ్ళేటప్పుడు ఈ ఏడాది అగ్రిమెంటు ఒక్కటే కాకుండా, ఆ ఇంట్లో దిగిన రోజు నుంచి రాసుకున్నవన్నీ పట్టుకెళ్ళండి.