పడవలో కాపురం – మూడో పాఠం: నీళ్ల లెక్క, కరెంటు లెక్క

పోయిన పాఠం చివర మీకొక పని చెప్పాను. వారం రోజులు ఇంట్లో వాడే నీళ్లన్నీ బకెట్లతో కొలిచి రాయమన్నాను. బరంపురం నుంచి ఒక ఉపాధ్యాయ దంపతులు పంపిన లెక్కలో ఇద్దరికీ కలిపి రోజుకు 260 లీటర్లు తేలింది. పొదుపుగానే వాడతామని కూడా రాశారు. నిజమే, పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలన్నది మన ప్రభుత్వ ప్రమాణం. వాళ్లు దానికి లోపలే ఉన్నారు. అయితే ఇద్దరు కాపురం ఉండగలిగే 11 మీటర్ల తెరచాప పడవలో నీళ్ల ట్యాంకు 300 లీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ దంపతులు ఇవాళ పొద్దున పడవ ఎక్కితే రేపు పొద్దుటి స్నానాలతో ట్యాంకు ఖాళీ.

యాట్ (సొంత తెరచాప పడవ) మీద కాపురం అనగానే అందరూ ముందు పడవ ఖరీదు అడుగుతారు. నేను ఆ ప్రశ్నను వెనక్కి నెట్టింది ఇందుకే. రోజుకు మీకు ఎన్ని నీళ్లు, ఎంత కరెంటు కావాలో తెలియకపోతే ఎంత పొడవు పడవ కావాలో తేలదు. పొడవు తేలకపోతే ఏ ఖర్చూ తేలదు. రేవులో అద్దె మీటరు పొడవుకు ఇంత అని కడతారు. అడుగుభాగానికి వేసే రంగు మాత్రం వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. బరువు, దానితోపాటు లంగరు, మోకులు, తెరచాపల ఖరీదు ఇంకా వేగంగా పెరుగుతాయి. అదే ఆకారంలో 10 మీటర్ల పడవకు బదులు 12 మీటర్లది కొన్నారనుకోండి. పొడవు 20 శాతమే ఎక్కువ. రంగు వేయాల్సిన వైశాల్యం 44 శాతం, బరువు దాదాపు 73 శాతం ఎక్కువ. ‘ఇంకొక్క గది ఉంటే బాగుండు’ అన్న కోరికకు ఏటా చెల్లించే మూల్యం అది.

నీళ్లు

గోపాలపూర్ నోలియా సాహిలో, అంటే జాలరి పేటలో పెరిగినవాళ్లకు ఇది కొత్త పాఠం కాదు. తాతలు తెప్ప మీద వేటకు వెళ్లేటప్పుడు చద్దన్నం, ఒక కుండెడు నీళ్లు, అంతే. యాట్ల లోకంలో రెండు పడవ దేహాలను పక్కపక్కనే జోడించి చేసిన పడవను కేటమరాన్ అంటారు. ఆ మాట తమిళుల కట్టుమరం నుంచి వెళ్లింది. కట్టుమరమంటే మన తెప్పే. పేరు మన తీరం నుంచి తీసుకున్నవాళ్లు నీళ్ల పొదుపును కూడా తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

మనిషికి రోజుకు 10 లీటర్లు పెట్టుకోండి. తాగడానికి నాలుగు, వంటకు రెండు, పళ్లు తోముకోవడానికి, ముఖానికి ఒకటి, స్నానం చివర ఒంటి మీద పోసుకోవడానికి రెండు, ఒకటి మిగులు. మన ఎండల్లో తాగే నీళ్లను మాత్రం తగ్గించవద్దు. పొదుపంతా మిగతావాటిలోనే చేయాలి. ఇద్దరికి రోజుకు 20 లీటర్లంటే 300 లీటర్లు పదిహేను రోజులు వస్తాయి. అందులో మూడో వంతును లేనట్టే లెక్కవేసి పది రోజులకే ప్రయాణం పెట్టుకోవాలి. ఆ మూడో వంతును ట్యాంకులో కాకుండా విడి క్యాన్లలో ఉంచండి. ట్యాంకు పగిలినా, నీళ్లు చెడినా అవి దక్కుతాయి.

వంటలో పెద్ద మార్పు ఒకటే. వార్చే అన్నం మానేసి అత్తెసరు వండాలి. ఎసరు కొలిచి పోస్తే గంజి పేరుతో నీళ్లు బయటికి పోవు. రాత్రి మిగిలిన అన్నంలో పోసిన నీళ్లు పొద్దున చద్దన్నంతో కడుపులోకే వెళతాయి. మన పొరుగు ఒడియావాళ్లు పఖాళ అని ఇష్టంగా తినేది కూడా అదే. పప్పు కడిగిన నీళ్లను ఒక గిన్నెలో పట్టి ఉంచితే కూరగాయల తొలి కడుగుకు పనికొస్తాయి.

గిన్నెలు, స్నానం సముద్రపు నీటితో మొదలుపెట్టి మంచినీటితో ముగించాలి. మామూలు సబ్బు ఉప్పునీటిలో నురగ కట్టదు. షాంపూ, గిన్నెలు తోమే ద్రవం కడతాయి. చివర రెండు లీటర్లు పోసుకోవడం విలాసం కాదు. ఒంటి మీద మిగిలిన ఉప్పు గాలిలోని తేమను పీల్చి పక్కబట్టలకు అంటిస్తుంది. అవి మళ్లీ ఆరవు. వారంలో బూజు, పదిరోజుల్లో ఒళ్లంతా పొక్కులు. ఇక్కడొక హెచ్చరిక: ఈ పద్ధతి తీరానికి దూరంగా, శుభ్రమైన నీటిలోనే. రేవు నీటితో, ఊళ్ల పక్కన చిలికా నీటితో గిన్నెలు కడగవద్దు.

కుళాయికి కరెంటు పంపు బదులు కాలితో తొక్కే పంపు పెట్టించండి. తొక్కినప్పుడే నీళ్లు వస్తాయి కాబట్టి చెయ్యి తెలియకుండానే పొదుపు నేర్చుకుంటుంది. వానను కూడా పట్టవచ్చు. పడవ మీద 10 చదరపు మీటర్ల పందిరి గుడ్డ కట్టారనుకోండి. 20 మిల్లీమీటర్ల వాన పడితే 200 లీటర్లు. మొదటి అయిదు నిమిషాల నీళ్లను ఉప్పు, దుమ్ము కడిగిపోయేదాకా వదిలేయాలి. ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం గురించి చాలామంది అడిగారు. దాని లోపలి పొర నూనె తగిలినా, క్లోరిన్ తగిలినా పాడవుతుంది, బురదనీటికి మూసుకుపోతుంది. పైగా కరెంటు తాగుతుంది. మొదటి ఏడాది దాని జోలికి పోవద్దని నా సలహా.

కరెంటు

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. తరువాత రోజుల తరబడి కరెంటు లేదు. గంజాం జిల్లాలో ఉన్నవాళ్లు ఎవరూ మరిచిపోలేదు. మా ఇన్వర్టరు మొదటి రాత్రే రెండు ఫ్యాన్లకు అయిపోయింది. వీధి చివర నాకు మావయ్య వరసయ్యే పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన దగ్గరా అలాంటి 150 ఆంపియర్-గంటల బ్యాటరీయే. కానీ ఆయన ఇన్వర్టరును పూర్తిగా విప్పేసి, బ్యాటరీకి నేరుగా ఒక 12 వోల్టుల చిన్న దీపం, ఫోను ఛార్జరు తగిలించారు. వీధంతా చీకటిగా ఉన్న నాలుగో రాత్రి కూడా ఆయన అరుగు మీద వెలుగు ఉంది. పిల్లలు ఆ అరుగు మీదే కూర్చుని అన్నాలు తిన్నారు.

ఆ తేడాను లెక్కలో చూద్దాం. 150 ఆంపియర్-గంటలను 12 వోల్టులతో గుణిస్తే 1,800 వాట్-గంటలు. ఒక్కొక్కటి 75 వాట్ల రెండు ఫ్యాన్లు గంటకు 150 తింటాయి. ఇన్వర్టరు తాను ఖాళీగా ఉన్నా కొంత తింటుంది. తెల్లారేసరికి ఏమీ మిగలదు. మావయ్యగారి 5 వాట్ల దీపం ఆరు గంటలకు 30, ఫోనుకు 15. మొత్తం రోజుకు 45 వాట్-గంటలు. బ్యాటరీలో సగమే వాడినా ఇరవై రోజులు. పడవ మీద కరెంటు లెక్క అంతకు మించి ఏమీ లేదు. వాట్లను గంటలతో గుణించండి, వచ్చినదాన్ని 12తో భాగించండి, రోజుకు ఎన్ని ఆంపియర్-గంటలో వస్తుంది.

ఇద్దరున్న పడవకు ఇప్పుడు మనమే వేద్దాం. నాలుగు మూడేసి వాట్ల దీపాలు, నాలుగు గంటలు: 4 ఆంపియర్-గంటలు. రెండు చిన్న 6 వాట్ల ఫ్యాన్లు పదేసి గంటలు: 10. రెండు ఫోన్లు: రెండున్నర. 50 వాట్ల ల్యాప్‌టాప్ మూడు గంటలు: పన్నెండున్నర. పడవల మధ్య మాట్లాడుకోవడానికి రోజంతా వింటూ ఉండే వీహెచ్ఎఫ్ రేడియో: 7. లంగరు వేసిన రాత్రంతా తెరచాప స్తంభం మీద వెలగాల్సిన దీపం: 2. ఇంతవరకు 38. ఇక ఫ్రిజ్. నడుస్తున్నప్పుడు దాదాపు నాలుగున్నర ఆంపియర్లు, మన వేడికి రోజులో సగం సేపు నడుస్తుందనుకుంటే దానికొక్కదానికే 50కి పైన. దారిలో పోయే నష్టాలు కలిపితే మొత్తం 100 ఆంపియర్-గంటలు, అంటే 1,200 వాట్-గంటలు. మన ఇంటి మీటరు భాషలో ఒకటింపావు యూనిట్‌కు కాస్త తక్కువ. అందులో సగం ఫ్రిజ్‌దేనని గమనించండి. ఫ్రిజ్ వద్దనుకునే కుటుంబానికి బ్యాటరీలు, సౌర పలకలు, వాటి బరువు అన్నీ సగమవుతాయి. ఏసీ సంగతి అడగనే వద్దు. గంటకు ఒక యూనిట్ తాగే ఏసీ ఈ రోజంతటి కరెంటును గంటా పదిహేను నిమిషాల్లో మింగేస్తుంది.

రెండు రోజులు మబ్బు పట్టినా నడవాలంటే 200 ఆంపియర్-గంటలు వాడుకోగలిగేలా ఉండాలి. మామూలు సీసం బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి 400 ఆంపియర్-గంటలవి కొనాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకాన్ని 80 శాతం దాకా దించవచ్చు. దానికి 250 చాలు, బరువు కూడా సగానికి లోపే. ఖరీదు ఎక్కువే, కానీ జాగ్రత్తగా చూసుకుంటే చాలా ఏళ్లు నిలుస్తుంది.

నా తప్పు ఒకటి చెబుతాను. మలేషియాలోని లంకావిలో మొదటిసారి పడవ మీద ఉండడం మొదలుపెట్టినప్పుడు ఒక దుకాణంలో రెండు బ్యాటరీలు కొన్నాను. వోల్టులూ, ఆంపియర్-గంటలూ సరిపోయాయి. అవి కారు స్టార్టు చేయడానికి చేసిన రకమని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఒక్క క్షణం బలంగా కరెంటు ఇచ్చి వెంటనే నిండడానికి పుట్టిన బ్యాటరీని రాత్రంతా నెమ్మదిగా పిండితే దాని పలకలు రాలిపోతాయి. నాలుగు నెలల్లో రెండూ చచ్చాయి. డీప్ సైకిల్ (నెమ్మదిగా, లోతుగా వాడుకునే రకం) అని రాసి ఉందో లేదో చూడకుండా డబ్బు ఇవ్వవద్దు.

సౌర పలకల లెక్క: 100 వాట్ల పలక మన దగ్గర మంచి ఎండలో అయిదు గంటల పూర్తి వెలుగుకు సమానంగా పనిచేస్తుందనుకుందాం. వేడికి, నీడకు, తీగలకు ముప్పై శాతం పోతుంది. మిగిలేది 350 వాట్-గంటలు. మనకు కావలసిన 1,200కు 350 వాట్ల పలకలు చాలునన్నమాట, మబ్బులకు కలిపి 500 పెట్టుకోవాలి. స్తంభం నీడ ఒక మూల పడినా పలక ఇచ్చేది బాగా తగ్గుతుంది, అందుకే తెరచాపకు దూరంగా వెనుక వైపు బిగిస్తారు. తీగలు మాత్రం ఇంటి వైరింగు తీగలు వాడవద్దు. తగరం పూత ఉన్న రాగి తీగే ఉప్పుగాలికి నిలుస్తుంది. ప్రతి బ్యాటరీకి ఆనుకునే ఫ్యూజు ఉండాలి. సముద్రం మీద మంట లేస్తే పారిపోవడానికి వీధి ఉండదు.

డబ్బు

పాత నావికుల అంచనా ప్రకారం పడవ ధరలో పదో వంతు ఏటా దాని మీదే ఖర్చవుతుంది. 30 లక్షల పడవకు మూడు లక్షలు, నెలకు పాతికవేలు, ఉప్పూ పప్పూ కొనకముందే. ఒడ్డుకెక్కించి అడుగు రంగు వేయడం, చుక్కాని దగ్గరి జింకు ముక్కలు మార్చడం, ఇంజను, బీమా, అన్నీ అందులోవే. రేవు అద్దె వేరు. రేవులో ఉంటే ఒడ్డు నుంచి కరెంటు, నీళ్లు వస్తాయి, ఈ పాఠంలో చెప్పినదాంట్లో సగం అవసరం ఉండదు. కానీ మన గంజాం తీరంలో యాట్లకు మెరీనా, అంటే అలా కట్టి ఉంచే రేవు, లేదు. గోపాలపూర్‌లో ఉన్నది సరుకుల ఓడరేవు. మన దేశంలో అలాంటివి కొచ్చి బొల్గాట్టి లాంటి కొద్ది చోట్లే ఉన్నాయి. కాబట్టి లంగరు మీద బతకడం నేర్చుకున్నవాళ్లకే ఈ ఖర్చు అందుబాటులోకి వస్తుంది. ఇద్దరు పిల్లల తండ్రులు, చిరుద్యోగులు కూడా ఈ పాఠాలు చదువుతున్నారని నాకు తెలుసు. వాళ్లకోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

మనవాళ్లకు ఇది సాధ్యమా అని సందేహించేవారికి ఒక్క మాట. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి 254 రోజుల్లో భూమిని చుట్టివచ్చిన నౌకాదళం తెరచాప పడవ పేరు తారిణి. మన రుషికుల్య ఒడ్డున కొండ మీదున్న తారాతారిణి పేరు అది. 17 మీటర్ల ఆ పడవలో ఆరుగురు మహిళా అధికారులు ఉన్నారు. వారిలో పి. స్వాతి విశాఖపట్నం ఆడపడుచు, బి. ఐశ్వర్య హైదరాబాద్ ఆడపడుచు. మన పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి ఎక్కే ఆ మెట్ల మీద ఈసారి కాసేపు ఆగి, ఆ ఆరుగురిని తలచుకోండి.

ఈ వారం పని

వచ్చే పాఠం లంగరు గురించి. అంతకుముందు శని, ఆదివారాలు ఇంట్లోనే పడవ కాపురం చేయండి. మెయిన్ స్విచ్ ఆపి, కుళాయిలు కట్టేయండి. ఇద్దరికి రోజుకు ఒక 20 లీటర్ల క్యాన్. మరుగుదొడ్డికి వేరే బకెట్ పెట్టుకోవచ్చు, పడవలో దానికి సముద్రపు నీరే వాడతారు. ఒక 12 వోల్టుల బ్యాటరీ, రెండు చిన్న దీపాలు, ఒక చిన్న ఫ్యాను, ఫోను ఛార్జరు. ఏది ఎన్ని గంటలు నడిచిందో పుస్తకంలో రాయండి. పొద్దున అయిదింటికి లేచి అన్నీ ఆపేసి, గంట తరువాత మల్టీమీటరుతో వోల్టేజీ చూడండి. సీసం బ్యాటరీ 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగానికి వచ్చినట్టు. అంతకన్నా తక్కువ కనిపిస్తే, రాత్రి ఏది అవసరానికి మించి నడిచిందో ఆ అంకె పక్కనే రాసి, రెండో రాత్రి దాన్ని ఆపి మళ్లీ చూడండి.