ఇంటర్ తరువాత ఇంజినీరింగ్ కళాశాల: విశాఖ విద్యార్థి చేయవలసిన పరిశీలన

ఎండాకాలం వచ్చిందంటే మద్దిలపాలెం నుంచి మధురవాడ వరకు రహదారి పొడవునా ఇంజినీరింగ్ కళాశాలల హోర్డింగులు వెలుస్తాయి. తల్లిదండ్రులకు పీఆర్వోల ఫోన్లు మొదలవుతాయి. ఆ హడావుడిలో తీసుకున్న నిర్ణయాన్ని నాలుగేళ్లు మోయవలసి వస్తుంది గనుక, ఈ పనిని ఇంటర్ మొదటి సంవత్సరం సెలవులలోనే ఒక నోటుపుస్తకంతో ప్రారంభించడం మేలు. కళాశాల, బ్రాంచి, గత సంవత్సరాల చివరి ర్యాంకు (ఆఖరున సీటు దక్కిన విద్యార్థి ర్యాంకు), గుర్తింపు, మొత్తం ఖర్చు, ప్రయాణ సమయం అని ఆరు గడులు గీసుకుంటే చాలు.

మొదట ర్యాంకు సంగతి. రాష్ట్రంలో ఇంజినీరింగ్ ప్రవేశాలకు జరిపే ఏపీ ఈఏపీసెట్ ర్యాంకులో ప్రవేశ పరీక్షకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి బోర్డు పరీక్షలను తేలికగా తీసుకోరాదు. కౌన్సెలింగ్ తరువాత వెలువడే చివరి ర్యాంకుల పట్టికలో మీ బ్రాంచికి, మీ రిజర్వేషన్ వర్గానికి ఎదురుగా ఉన్న అంకెను మాత్రమే చూడాలి. అదీ రెండు మూడేళ్లది.

అసలు జాగ్రత్త అవసరమైనది గుర్తింపు విషయంలో. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ ఇచ్చే గ్రేడు సంస్థ మొత్తానికి వర్తిస్తుంది. సాంకేతిక కోర్సుల నాణ్యతను పరిశీలించే ఎన్‌బీఏ ఇచ్చే గుర్తింపు మాత్రం ఒక్కో బ్రాంచికి విడివిడిగా, నిర్ణీత కాలానికే వస్తుంది. హోర్డింగు మీద ‘ఎన్‌బీఏ గుర్తింపు పొందిన కళాశాల’ అని పెద్ద అక్షరాలతో ఉన్నా, అది మెకానికల్‌కు వచ్చినదై, మీరు కోరుకున్న డేటా సైన్స్‌కు అసలు లేకపోవచ్చు. ఎన్‌బీఏ వెబ్‌సైటులో కళాశాల పేరుతో వెతికితే ఏ బ్రాంచికి ఎప్పటివరకు గడువు ఉన్నదో తెలుస్తుంది.

ప్లేస్‌మెంట్ల లెక్కలను ఇంకా అనుమానంగా చదవాలి. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడు ఉద్యోగాలుగా చూపడం కొత్త కాదు; అత్యధిక జీతం ఒక్కరి సంగతే చెబుతుంది. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుకు దరఖాస్తు చేసిన సంస్థలు తాము సమర్పించిన వివరాలను తమ వెబ్‌సైటులో ఉంచుతాయి. ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం (వరుసలో సరిగ్గా మధ్యనున్న విద్యార్థి జీతం) ఎంత అన్నవి అందులో దొరుకుతాయి. నా దృష్టిలో హోర్డింగులన్నీ కలిపినా ఆ ఒక్క పట్టికకు సాటిరావు.

తరువాత కళాశాలకు స్వయంగా వెళ్లాలి. అదీ ఓపెన్ హౌస్ రోజున కాదు, మామూలు పనిదినాన. మా అక్క కూతురి కోసం వెళ్లిన ఒక చోట ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లోని ఆసిలోస్కోపుల మీద ప్లాస్టిక్ తొడుగులు ఇంకా అలాగే ఉన్నాయి, వాటిపై దుమ్ము పేరుకుంది. ఆ సాయంత్రం గేటు బయట టీ కొట్టు దగ్గర మూడో సంవత్సరం పిల్లలను అడిగితే, ఆ సెమిస్టరులో ఒక సబ్జెక్టుకు ముగ్గురు అధ్యాపకులు మారారని చెప్పారు. ఇలాంటి సంగతులు ఏ బ్రోచరులోనూ ఉండవు.

దూరాన్నీ లెక్కించాలి. గాజువాకలో ఉండేవారికి దువ్వాడ చేరువే కాని, తగరపువలస, దాకమర్రి వైపు కళాశాలలు నగరానికి అవతలి కొసన ఉన్నాయి. రోజుకు మూడు గంటలు బస్సులో గడిచిపోతే చదువుకు మిగిలేది కొంచెమే. ట్యూషన్ ఫీజుకు బస్సు, హాస్టల్, పరీక్ష ఫీజులు కలిపి నాలుగేళ్ల మొత్తాన్ని రాసుకోవాలి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

చివరగా వెబ్ ఆప్షన్లు, అంటే కౌన్సెలింగ్‌లో కోరుకునే కళాశాల, బ్రాంచిలను ఆన్‌లైన్‌లో వరుసగా నింపే జాబితా. సీటు కేటాయింపు మీ జాబితా పైనుంచి కిందికి సాగుతుంది. మీ ర్యాంకుకు అందే మొదటి ఆప్షన్ దగ్గరే ఆగుతుంది. కనుక ‘రాదేమో’ అనుకున్న కళాశాలను పైన రాసినందువల్ల నష్టం లేదు, ఇష్టం లేని దానిని పైన రాస్తేనే నష్టం. లాగిన్ వివరాలను, ఓటీపీని నెట్ సెంటరు వారికో పీఆర్వోకో అప్పగించకుండా స్వయంగా నింపి, ఆప్షన్లను ఖరారు (ఫ్రీజ్) చేసే ముందు ప్రింటు తీసుకుని, నోటుపుస్తకంలోని వరుసతో ఒక్కొక్క కళాశాల కోడునూ సరిచూసుకోవాలి.