ఔత్సాహిక పందేలకు, రోజువారీ సాధనకు ఒకే రోడ్ సైకిల్: తక్కువ ఖర్చులో ఎంచుకునే తీరు

పందేల్లోకి కొత్తగా దిగేవారు దుకాణంలో ముందుగా సైకిల్‌ను చేత్తో లేపి బరువు చూస్తారు. బరువు సంగతి తరువాతైనా చూసుకోవచ్చు గానీ, ఒంటికి సరిపడని ఫ్రేమ్ కొంటే ఆ లోటును ఏ విడిభాగమూ పూర్తిగా తీర్చలేదు.

అందుచేత కొలతతో మొదలుపెట్టాలి. చెప్పులు లేకుండా గోడకు ఆనుకొని నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య, సీటుపై కూర్చున్నప్పుడు తగిలేంత ఒత్తిడితో పైకి నొక్కి పట్టి, దాని పై అంచు నుంచి నేల వరకు కొలవాలి. ఆ కొలతను 0.883తో గుణిస్తే, పెడల్ కడ్డీలు ఫ్రేమ్‌లో తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన ఎత్తు ఉజ్జాయింపుగా వస్తుంది, 80 సెం.మీ. వచ్చినవారికి అది దాదాపు 70.6 సెం.మీ. అయితే సీటును ఎలాగైనా ఎత్తుకోవచ్చు, దించుకోవచ్చు. కాబట్టి అసలు సైజును తేల్చేవి హ్యాండిల్ ఎంత ఎత్తున ఉందో చెప్పే స్టాక్, ఎంత ముందుకు ఉందో చెప్పే రీచ్ అనే రెండు కొలతలే. 54, 56 అని ఫ్రేమ్‌పై వేసే అంకెలు ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటాయి కనుక వాటిని నమ్ముకోకూడదు.

అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం) ఉన్న సైకిల్ ఈ అవసరానికి చక్కగా సరిపోతుంది. గుంపుగా సాగే పందెంలో పడిపోవడం మామూలే కాబట్టి, విరిగితే మళ్లీ కొనగలిగిన సైకిల్‌తోనే బరిలోకి దిగడం మంచిదని నా అభిప్రాయం. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) నిబంధన ప్రకారం సైకిల్ బరువు 6.8 కిలోలకు తగ్గకూడదు. తొమ్మిది కిలోల సైకిల్‌తో చదును రోడ్డుపై పెద్దగా నష్టపోయేదేమీ లేదు, ఎందుకంటే అక్కడ వేగాన్ని ప్రధానంగా అడ్డుకునేది గాలి, ఆ గాలికి ఎక్కువగా ఎదురు నిలిచేది తొక్కేవారి శరీరమే.

ఒకే సైకిల్ పలు పనులకు పనికిరావాలంటే ఫ్రేమ్‌లో 32 మి.మీ. టైరుకు చోటుండాలి. పందెం రోజున 28 మి.మీ. టైర్లు, గతుకుల దారిలో సాధనకు 32 మి.మీ. టైర్లు వేసుకోవచ్చు. చక్రం అంచును నొక్కి ఆపే పాత రిమ్ బ్రేకుల సైకిళ్లలో చాలావాటికి ఈ వెసులుబాటు ఉండదు. మిగిలిన డబ్బును ముందుగా మంచి టైర్లపై పెట్టాలి. చవక సైకిళ్లతో వచ్చేవి సాధారణంగా మందంగా, మొద్దుగా ఉంటాయి.

గేర్లలో షిమానో కంపెనీ టియాగ్రా రకం చాలు, అంతకు పై రకమైన 105 దొరికితే మరీ మంచిది. ముందు పళ్లచక్రాలకు 50/34, వెనుకవాటికి 11–34 పళ్లు ఉంటే, నిమిషానికి 90 సార్లు తొక్కినప్పుడు పెద్ద గేరులో గంటకు దాదాపు 52 కి.మీ. వేగం వస్తుంది, చిన్న గేరు నిటారు ఎక్కుళ్లకు ఆదుకుంటుంది.

వాడిన సైకిల్ కొంటున్నట్లయితే ఫ్రేమ్ అతుకుల దగ్గర పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో చూడాలి, చైను అరుగుదలను గేజితో కొలవాలి, ఫోర్క్‌ను విప్పించి లోపలి గొట్టాన్ని పరీక్షించాలి. చివరగా హ్యాండిల్ రెండు కొసలకూ బిరడాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. పడినప్పుడు తెరిచి ఉన్న గొట్టం ఒంట్లోకి దిగుతుంది కనుక, అవి లేని సైకిల్‌ను నిర్వాహకులు పందేనికి అనుమతించకపోవచ్చు.