శిబిరానికి వెళ్లిన పిల్లలను ఎప్పుడు, ఎంత, ఎలా పలకరించాలి?

ఏప్రిల్ చివరి వారంలో బడులు మూయగానే విశాఖపట్నంలో చాలా ఇళ్లలో వేసవి శిబిరాల మాట మొదలవుతుంది. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగివచ్చే ఈత, క్రికెట్, చిత్రలేఖనం శిబిరాలతో పెద్ద చిక్కేమీ లేదు. అరకులోయలోనో అనంతగిరిలోనో పది పన్నెండు రోజులు అక్కడే ఉంచుకునే శిబిరానికి పంపినప్పుడు మాత్రం, సంచీ సర్దడం పూర్తయ్యాక కూడా తేలని విషయం ఒకటి మిగిలిపోతుంది: ఆ పన్నెండు రోజులూ బిడ్డతో మాటామంతీ ఎలా సాగాలన్నది. మా అమ్మాయిని తొమ్మిదో ఏట మొదటిసారి పంపినప్పుడు ఇది ఆలోచించవలసిన విషయమని కూడా నాకు తోచలేదు. ఫోను ఉంది కదా అనుకున్నాను.

మొదటి రాత్రి ఎనిమిది గంటలకు, శిబిరం వారు వద్దంటున్నా బతిమాలి, పాపను ఫోను దగ్గరకు పిలిపించుకున్నాను. వెనక నుంచి పిల్లల నవ్వులు, కంచాల చప్పుడు వినబడుతున్నాయి. "అమ్మా" అని మామూలుగానే పలికింది. "అన్నం తిన్నావా? నువ్వు లేక నాకేమీ తోచడం లేదు తల్లీ" అన్నాను. అంతే, అవతల వెక్కిళ్లు మొదలయ్యాయి. అంతవరకు పక్కనున్న పిల్లతో అంత్యాక్షరి ఆడుతూ తిన్నదనీ, నా ఫోను తరువాత కంచం అలాగే వదిలేసి వెళ్లి పడుకుందనీ మర్నాడు అక్కడి టీచరు చెప్పారు. బెంగ పెట్టుకున్నది నేను, ఏడ్చింది అది. ఆ తరువాతి వేసవుల్లో ఫోను తీసే ముందు, ఈ పలకరింపు ఎవరి కోసం అని ఒకసారి నన్ను నేను అడుగుకోవడం అలవాటు చేసుకున్నాను. కింద చెప్పేవన్నీ ఆ ప్రశ్నలోంచి పుట్టినవే.

పంపే ముందే శిబిరం వారిని అడిగి తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పిల్లల దగ్గర ఫోను ఉండనిస్తారా, లేక మొదటి రోజే తీసుకుని దాస్తారా, ఇంటికి మాట్లాడించే వేళ ఏది, వారానికి ఎన్నిసార్లు, పక్కన పెద్దవారు ఎవరైనా నిలబడి ఉంటారా అన్నవి ముఖ్యం. శిబిరం ఉన్న చోట ఏ కంపెనీ సిగ్నల్ అందుతుందో కూడా అడగండి, ఎందుకంటే ఏజెన్సీలో ఒక మలుపు దగ్గర పలికే ఫోను మరో మలుపు తిరిగేసరికి మూగబోతుంది. పైగా ఏప్రిల్, మే నెలల్లో ఆ కొండల మీద సాయంత్రాలు ఉరుములతో, ఈదురుగాలులతో వానలు పడడం మామూలే. అప్పుడు కరెంటు పోతుంది, దాంతో కొన్నిసార్లు టవర్లు కూడా ఆగిపోతాయి. కాబట్టి అనుకున్న వేళకు ఫోను రాకపోతే ఎన్ని గంటలు ఆగి, ఆ తరువాత ఏ నంబరుకు చేయాలో ముందే మాట్లాడుకుని ఉంటే, ఆ రాత్రి మీరు కారు తాళాలు వెతుక్కోకుండా పడుకోగలుగుతారు. శిబిరం బాధ్యులవి కనీసం 2 నంబర్లు, వేరు వేరు కంపెనీలవి, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఇంటి నుంచి మాట్లాడేది ఒక్కరే అని కూడా అప్పుడే తేల్చుకోండి. మేము అలా తేల్చుకోకపోవడం వల్ల ఆ మొదటి ఏడాది మా అత్తగారు, మా అమ్మ, మా ఆడపడుచు విడివిడిగా శిబిరానికి ఫోన్లు చేశారు.

బిడ్డను సిద్ధం చేయడంలో మాటలకన్నా అలవాటే బాగా పనిచేస్తుంది. శిబిరానికి ఒకటి రెండు నెలల ముందు గాజువాకలోని పిన్ని ఇంట్లోనో, విజయనగరంలోని అమ్మమ్మ ఇంట్లోనో రెండు రాత్రులు ఉంచి, ఆ రెండు రోజులూ ఫోను చేయకుండా ఉండి చూడండి. పరీక్ష పిల్లకు ఎంతో మనకూ అంతే. ఇంటి మీద బెంగ రావడం జబ్బు కాదనీ, చాలామందికి వస్తుందనీ, ఆటలో పడితే తగ్గుతుందనీ, పడుకునే ముందు మళ్లీ కొంచెం పెరుగుతుందనీ ముందే చెప్పడం మంచిది. ఒక్క మాట మాత్రం ఇవ్వకూడదు: "నచ్చకపోతే ఒక్క ఫోను చెయ్యి, వెంటనే వచ్చి తీసుకువచ్చేస్తాను" అన్న మాట. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2007లో ఇంటి బెంగ గురించి పిల్లల వైద్యులకు ఇచ్చిన సూచనలలో కూడా తల్లిదండ్రులు ఇలాంటి ఒప్పందం చేసుకోకుండా చూడమని ఉంది. ఆ మాట విన్న పిల్లకు, ఇది నాకు చేతకాదని అమ్మ ముందే అనుకుంటోందని అర్థమవుతుంది. పైగా నిజంగా ఫోను చేసిన రోజున మనం వెళ్లకపోతే ఆ తరువాత మన మాటకు విలువ ఉండదు. ఊరుకోలేక ఏదో ఒకటి చెప్పాలనిపిస్తే, "బెంగ వస్తే ఏం చేద్దాం?" అని అడిగి, జవాబు పిల్లనే చెప్పనివ్వండి. మా పాప "దుప్పటి ముసుగేసుకుని ఎక్కాలు చదువుకుంటాను" అంది. నాకు అర్థం కాలేదు కానీ దానికి పనిచేసింది.

ఇక ఉత్తరాల సంగతి. ఫోనులో బిడ్డ మన గొంతు వినగానే కరిగిపోతుంది, పెట్టేశాక చేతిలో ఏమీ మిగలదు. ఉత్తరం అలా కాదు. తనకు వీలున్నప్పుడు విప్పుకోవచ్చు, మళ్లీ చదువుకోవచ్చు, దిండు కింద పెట్టుకోవచ్చు. పోస్టాఫీసులో అర్ధ రూపాయి కార్డు, రెండున్నర రూపాయల ఇన్‌లాండ్ కవరు ఇప్పటికీ ఉన్నాయి. అయితే ఈ తరం పిల్లలకు ఇన్‌లాండ్ కవరును ఎటు చింపాలో తెలియదు. నేను పంపిన మొదటి దాన్ని మా పాప అడ్డంగా చింపింది. నాలుగు వరుసలు రెండు ముక్కలయ్యాయి. రెండు ముక్కలనూ అన్నం మెతుకుతో అతికించి ఇంటికి తెచ్చింది. మీరు పంపే ముందు ఒకదాన్ని ఇంట్లోనే మడిచి, అతికించి, విప్పించి చూపండి.

చిరునామా జాగ్రత్తగా రాయాలి. బిడ్డ పేరు, దాని కింద "ద్వారా" అని శిబిరం బాధ్యుల పేరు, శిబిరం పేరు, ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్ వరుసగా ఉండాలి. అరకులోయ, పాడేరు, అనంతగిరి 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. పాత అలవాటు కొద్దీ విశాఖపట్నం జిల్లా అని రాసేవారు మా వీధిలో ఇంకా ఉన్నారు. పిన్‌కోడ్ సరిగ్గా ఉంటే ఉత్తరం చేరుతుంది కాబట్టి దాన్ని శిబిరం వారినే అడిగి రాసుకోండి, అరకులోయదైతే 531149.

టపా మీదనే పూర్తిగా ఆధారపడవద్దు. నగరం నుంచి అరకులోయ సుమారు 115 కిలోమీటర్లే అయినా, మామూలు టపాలో ఉత్తరం రెండు రోజులకు చేరుతుందో ఐదు రోజులకు చేరుతుందో ముందుగా చెప్పలేము. మధ్యలో ఆదివారం వస్తే మరో రోజు పోతుంది. అందుకే నేను మూడు ఉత్తరాలు ముందుగానే రాసి, వాటి మీద "రెండో రోజు", "ఐదో రోజు", "తొమ్మిదో రోజు" అని వేసి, బయలుదేరే రోజున టీచరు చేతికి ఇస్తాను. సంచీలో పెడితే మా పాప మూడింటినీ బస్సు శృంగవరపుకోట దాటకముందే చదివేస్తుంది. టపాలో వేసేది ఒక్కటి చాలు, అది కూడా పాప బయలుదేరడానికి ముందు రోజే వేస్తాను. బిడ్డ మనకు రాయడానికి కూడా ఏర్పాటు కావాలి: మన చిరునామా ముందే రాసిన 4 కార్డులు, ఒక పెన్ను, జిప్ సంచీలో వేసి ఇస్తే రాసే అవకాశం ఉంటుంది, ఉత్త కాగితాలు ఇస్తే వాటితో పడవలు చేసుకుంటారు.

ఉత్తరంలో ఏం రాయాలన్నది అసలు కష్టం. "నువ్వు లేక ఇల్లు బోసిపోయింది" అన్న వాక్యం ప్రేమతోనే రాస్తాం, కానీ చదివిన బిడ్డ అమ్మను ఏడిపిస్తున్నానని అనుకుంటుంది. "మేమంతా రుషికొండ వెళ్లి ఐస్‌క్రీం తిన్నాం" అని రాస్తే తాను లేకుండా వేడుకలు జరిగిపోతున్నాయని ఉక్రోషపడుతుంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆ కబురు ఉత్తరంలో పంపవద్దు. చెప్పి తీరవలసినంత పెద్దదైతే బాధ్యులతో మాట్లాడి, పక్కన పెద్దవారు ఉండగా ఫోనులోనే చెప్పాలి. ఇవి పోగా మిగిలేవి చిన్న చిన్న సంగతులు, పిల్లలకు కావలసినవీ అవే. నేను ఒకసారి ఇలా రాశాను: "ఈ రోజు నాయనమ్మ ఆవకాయ కలిపింది. కారం ఎక్కువైందని తాతయ్య, చాలలేదని నాయనమ్మ. ఇద్దరూ నువ్వు వచ్చి రుచి చూసి తీర్పు చెప్పాలంటున్నారు. ఎదురింటి పిల్లి మన మెట్ల కింద మూడు పిల్లలను పెట్టింది. ఒకదానికి తోక మాత్రమే తెలుపు. మీ గదిలో కిటికీ ఎటువైపు ఉంది? దాంట్లోంచి ఏం కనబడుతుంది?" ఇంటి దగ్గర అన్నీ మామూలుగా ఉన్నాయన్న ధైర్యం ఇందులో ఉంది, తన కోసం ఒక పని ఎదురుచూస్తోంది, జవాబు రాయడానికి వీలుగా ఒక ప్రశ్న కూడా ఉంది. అంతకన్నా పొడుగు అక్కరలేదు.

ఫోను మాట్లాడే వేళ శిబిరం వారు నిర్ణయిస్తే దానికే కట్టుబడండి. నిర్ణయించే వీలు మీకే ఉంటే పడుకునే ముందు వేళ వద్దు, మధ్యాహ్నం భోజనం తరువాత అడగండి. పన్నెండు రోజులకు రెండుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు సరిపోతాయి. "బాగుందా?" అంటే "బాగుంది" అంటారు, "తిన్నావా?" అంటే "తిన్నాను" అంటారు, అక్కడితో కబుర్లు అయిపోతాయి. "పక్క మంచం ఎవరిది? వాళ్లది ఏ ఊరు?" అని గానీ, "ఇవాళ పొద్దున లేవగానే మొదట ఏం చేశారు?" అని గానీ అడిగితే వరుసగా చెప్పుకుపోతారు. బిడ్డ మధ్యలోనే "అమ్మా, ఆటకు పిలుస్తున్నారు, పెట్టేస్తున్నా" అంటే నొచ్చుకోకండి. వీడియో కాల్ నాకు అంతగా నచ్చదు. తెర మీద తన మంచం, తన పిల్లి, తన బొమ్మ కనబడితే చాలు, పిల్ల మనసు ఇల్లు చేరిపోతుంది.

చాలా శిబిరాల వారు రోజూ సాయంత్రం వాట్సాప్ గుంపులో ఫొటోలు పెడుతున్నారు. చూడండి, దాచుకోండి, కానీ ఒక్క ఫొటోలో ముఖం ముడుచుకుని ఉందని గుంపులో ప్రశ్నలు వేయవద్దు. ఎండకు కళ్లు చికిలించినా అలాగే పడుతుంది.

ఏడుస్తూ ఫోను వస్తే ఏం చేయాలి? ముందు వినాలి, పూర్తిగా, మధ్యలో అడ్డు రాకుండా. "ఏడవకు" అనడం కన్నా "బెంగగా ఉంది కదూ, నాకు తెలుసు" అనడం మేలు. తరువాత, బెంగ ఏ వేళ ఎక్కువగా ఉంటోందో అడిగి, తాను ముందే అనుకున్న ఉపాయాన్ని గుర్తు చేసి, మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుంటామో రోజూ వేళా చెప్పి పెట్టేయండి. ఆ వెంటనే బాధ్యులకు ఫోను చేసి, భోజనం, నిద్ర, తోటి పిల్లలతో కలవడం ఎలా ఉన్నాయో కనుక్కోండి. ఆటల్లో కలుస్తూ, రాత్రి మాత్రం ఏడుస్తుంటే రెండు మూడు రోజులు ఓపిక పట్టవచ్చు. తిండి మానేసి, నిద్ర లేక, పగలు కూడా ఒక మూల కూర్చుంటుంటే వెళ్లి తీసుకురావాలి. అలా తెచ్చినందుకు ఆ తరువాత ఎవరూ, ముఖ్యంగా చుట్టాలు, ఆ పిల్లను ఎగతాళి చేయకుండా చూసుకునే బాధ్యత మనది.

బెంగ వేరు, భయం వేరు. ఎవరైనా కొట్టినా, తాకరాని చోట తాకినా, ఇంట్లో చెప్పవద్దని బెదిరించినా, ఫోను వేళ, శిబిరం నియమం ఏదీ తనకు అడ్డు కాదని బయలుదేరే ముందే బిడ్డకు స్పష్టంగా చెప్పాలి. పక్కన మనుషులుంటే బిడ్డ విషయం చెప్పలేకపోవచ్చు కాబట్టి ఒక గుర్తు మాట పెట్టుకోండి. మా ఇంట్లో అది "తాతయ్య కళ్లజోడు దొరికిందా?" అన్న ప్రశ్న, పాప ఆ మాట అడిగిందంటే మేము ఏ వేళలోనైనా బయలుదేరతామని దానికి తెలుసు. మా నంబరుతో పాటు పిల్లల సహాయవాణి 1098 కూడా కంఠస్థం చేయించాము. అది ఉచితం, 24 గంటలూ పలుకుతుంది. ఆ గుర్తు మాట ఇంతవరకు వాడవలసిన అవసరం రాలేదు, కానీ ప్రతి వేసవీ బస్సు ఎక్కే ముందు ఒకసారి చెవిలో చెప్పించుకుంటాను.

రెండు వారాల లోపు శిబిరమైతే మధ్యలో ఆదివారం చూడడానికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. వచ్చినప్పటి సంతోషం గంటసేపు, మళ్లీ వదిలి వెళ్లేటప్పటి ఏడుపు రెండు రోజులు.

చివరి ఫోనులో మాత్రం ఒక్క విషయం తప్పకుండా చెప్పాలి: తీసుకురావడానికి ఎవరు వస్తారు, ఎక్కడికి, ఎన్ని గంటలకు అన్నది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగుతారో, రైల్వే స్టేషన్‌లో దిగుతారో తెలియక మీరు ఒకచోట, పిల్ల ఒకచోట నిలబడితే పన్నెండు రోజుల ధైర్యం ఆ అరగంటలో పోతుంది. ఇంటికి వచ్చాక మొదటి రోజు ప్రశ్నలు వేయకండి. స్నానం, అన్నం, నిద్ర అయ్యాక కబుర్లు వాటంతట అవే వస్తాయి.

మా పాప వేసిన కార్డుల్లో ఒకటి, తాను వచ్చిన మూడో రోజున చేరింది. పోస్ట్‌మ్యాన్ దగ్గర తనే అందుకుని, ఒకసారి చదువుకుని, నా చేతికి ఇస్తూ "ఇప్పుడు కాదు, నేను పడుకున్నాక చదువు" అంది. దాంట్లో మూడే వాక్యాలు ఉన్నాయి. దోమతెర కట్టుకోవడం వచ్చిందట. సాంబారులో ముల్లంగి వేస్తున్నారట. నాయనమ్మదే రైటు, ఆవకాయలో కారం ఇంకా పడాలట.