పైచదువుకు రెండు పద్దులు

బెంగళూరు చిక్కపేటలో ఒక బట్టల హోల్‌సేల్ దుకాణంలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. అయినా మా అమ్మాయి విదేశాల్లో చేయాలనుకున్న ఎం.ఎస్. లెక్క దగ్గర మొదట బోల్తా పడ్డాను. ఒక కన్సల్టెన్సీవాళ్లు రంగుల కాగితం చేతిలో పెట్టారు. ట్యూషన్ ఫీజు ఉంది, హాస్టల్ ఖర్చు ఉంది, అడుగున ‘నాలుగేళ్లలో అప్పు తీరిపోతుంది’ అని ఉంది. వడ్డీ అన్న మాటే లేదు. కొత్త గుమస్తా అలాంటి పద్దు తెస్తే మా సేఠు దాన్ని మడిచి వాడి జేబులోనే పెట్టేవాడు.

ఒక పొడుగు నోటు పుస్తకం తెచ్చుకోండి. నడుమ గీత గీసి, ఎడమవైపు ఇక్కడి చదువు, కుడివైపు అక్కడి చదువు రాయండి. రెండువైపులా ఫీజుతో మొదలుపెట్టకండి. మొదటి జీతం చేతికి వచ్చే రోజు దాకా ఇంట్లోంచి ఎంత వెళ్తుందో అదే మొత్తం పద్దు.

దారి ఖర్చులు ముందు. జర్మనీకైతే మన చదువు పత్రాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ ధ్రువపత్రానికి 18,000 రూపాయలు. అమెరికాకైతే విదేశీ విద్యార్థిగా నమోదుకు కట్టే సెవిస్ రుసుము 350 డాలర్లు, వీసా దరఖాస్తుకు 185. వీసా రాకపోయినా ఇవి తిరిగి రావు. రాసేసి ముందుకు వెళ్లండి.

‘జర్మనీలో ఫీజే లేదు’ అని మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో కూడా చెబుతారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు నిజమే. కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటి దేశాలవాళ్లు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతకాలం నుంచి మాస్టర్స్‌కు సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 యూరోలు పెట్టింది. పైగా వెళ్లకముందే బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపించాలి. యూరో వంద రూపాయలనుకున్నా దాదాపు 12 లక్షలు. అది ఫీజు కాదు, నెలకు 992 చొప్పున పిల్లల ఖర్చుకే తిరిగి వస్తుంది. కానీ ముందుగా ఒక్కసారే సమకూర్చవలసింది మనమే.

ఇప్పుడు వడ్డీ. ఇక్కడ తొందరపడకండి. 30 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, మొదటి ఏడాది సగం, రెండో ఏడాది సగం తీసుకున్నారనుకుందాం. చదువు రెండేళ్లు, ఆపైన వాయిదాలు మొదలయ్యేదాకా ఒక ఏడాది గడువు. మొదటి 15 లక్షలకు మూడేళ్ల వడ్డీ 4.95 లక్షలు, తర్వాతి 15 లక్షలకు రెండేళ్లది 3.30 లక్షలు. అది అసలులో కలిస్తే అప్పు 38.25 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 52,700. అలా కాకుండా చదువుతున్నప్పుడే వడ్డీ కట్టుకుంటూ పోతే మొదటి ఏడాది నెలకు 13,750, తర్వాత 27,500. ఆపైన ఈఎంఐ 41,300 దగ్గర ఆగుతుంది. బ్యాంకులో ఈ ప్రశ్న మీరే అడగాలి. మేనేజరు తనంతట తాను చెప్పడు.

రెండో ఏడాది ఫీజును ఈనాటి డాలరు ధరతో వేయకండి. 2024 ఆరంభంలో 83 రూపాయల దగ్గరున్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. 20,000 డాలర్ల ఫీజు మీద ఆ తేడా ఒక్కటే 1.4 లక్షలు.

ఎడమవైపు గడులు మేము చివర్లో నింపాం, తప్పు అదే. మేమున్న ఊళ్లోనే ఐఐఎస్‌సీ, అంటే భారతీయ విజ్ఞాన సంస్థ ఉంది. పాతకాలపు ఆటోవాళ్లకు టాటా ఇన్‌స్టిట్యూట్ అంటేనే తెలుస్తుంది. ఎం.టెక్. ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష ర్యాంకుతో అక్కడో ఐఐటీలోనో ఎం.టెక్.లో చేరితే నెలకు 12,400 ఉపకారవేతనం. రెండేళ్లకు 2,97,600. అంటే ఈ గడిలో జమ కూడా ఉంది. సీటు దొరకడం కష్టమే, ఒప్పుకుంటాను. ఇక్కడి మంచి సంస్థల్లో సీటు వస్తే పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర పథకం కింద తాకట్టు, పూచీ లేకుండా అప్పు ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపైతే 10 లక్షల వరకు అప్పు మీద చదువుకునే కాలంలో, ఆపైన గడువులో 3 శాతం వడ్డీ రాయితీ. విదేశీ చదువుకు ఆ పథకం వర్తించదు. అందుకే మాకు బ్యాంకువాళ్లు తాకట్టుకు హిందూపురంలోని మామగారి ఇంటి కాగితాలు అడిగారు.

డబ్బు పంపేటప్పుడు ఇంకొకటి. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు విద్యారుణంతో ఫీజు పంపితే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు కోసుకునే పన్ను, లేదు. సొంత డబ్బు ఏడాదిలో 10 లక్షలు దాటితే కోత పడుతుంది. రిటర్ను వేసి సర్దుకోవచ్చు గానీ, అప్పటిదాకా అది చేతిలో లేనట్టే. విద్యారుణం వడ్డీకి ఆదాయపన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది.

పుస్తకంలో చివరి గడి: ఉద్యోగం ఏడాది ఆలస్యమైతే నెలకు ఆ 52,700 ఎవరు కడతారు? పేరు రాయాలి, ‘చూద్దాం’ అని రాయకూడదు. మా ఇంట్లో ఆ గడి రెండు రోజులు ఖాళీగా ఉంది. మూడో రోజు మా ఆయన తన పేరు రాశారు. అమ్మాయి దాని పక్కన పెన్సిలుతో ఆయన రిటైరయ్యే సంవత్సరం వేసింది. కాసేపు చూసి, “అమ్మా, గేట్ దరఖాస్తులు ఎప్పుడు మొదలవుతాయి?” అంది.

మామూలుగా ఆగస్టు చివర్లో. ఏపీఎస్ కోసం మార్కుల జాబితాలు కూడా తీసి పెట్టాం. ఇప్పటికైతే రెండు పద్దుల్లో దేన్నీ కొట్టేయలేదు.