వరదలో పశువు చనిపోతే ప్రభుత్వ సాయం అందేలా ఏం చేయాలి?

కావలసినవి: ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, ఫోను, చెవి ట్యాగు మీది 12 అంకెల నంబరు. దరఖాస్తు తెల్లకాగితం మీద రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేయడం చెప్పకపోవడంతో సమానం.

1. అదే రోజు పశువైద్యాధికారికీ రెవెన్యూ సిబ్బందికీ కబురు పెట్టండి. ముందు డాక్టరుకే. రెవెన్యూ వాళ్లు తలలు లెక్కపెడతారు, ఏ తల ఏ పద్దులోకి వెళ్తుందో తేల్చేది డాక్టరు రాసిన కాగితం.

2. కళేబరాన్ని కదపకముందే ఫొటోలు తీయండి: ట్యాగు నంబరు చదవగలిగేలా ఒకటి, పశువు మొత్తం పడేలా ఒకటి, పక్కన యజమానితో ఒకటి, నోరు తెరిచి పళ్లు కనిపించేలా ఒకటి. చెవి కోసి దాచకండి. ఏ పశువుదో తెలియని చెవి దేనికి రుజువు?

3. డాక్టరు రాసే ధ్రువీకరణ. పని చెడేది ఇక్కడే. 2022-26 కేంద్ర నిబంధనల ప్రకారం పాడి గేదెకు, ఆవుకు ₹37,500, ఎద్దుకు ₹32,000, దూడకు ₹20,000, గొర్రెకు, మేకకు ₹4,000. చూడి పడ్డను (తొలి చూలుతో ఉన్న పశువును) హడావిడిలో దూడ అని రాస్తే ₹17,500 పోయినట్టే. పళ్ల ఫొటో అడిగింది అందుకే, వయసు అక్కడ తేలుతుంది. ఒట్టిపోయిన (పాలివ్వడం ఆపేసిన) గేదెతో ఇంకో చిక్కు. సాయం ఆదాయమిచ్చే పశువుకే కాబట్టి పక్కన పెట్టేయగలరు. ఎన్ని ఈతలు ఈనిందో, ఎప్పుడు ఒట్టిపోయిందో, చూడి కట్టిందో లేదో డాక్టరుకు చెప్పి, కృత్రిమ గర్భధారణ సూది వేయించిన కార్డు చూపించండి. సంతకం పడ్డాక దిద్దించడం మహా కష్టం. ముందే చదవండి, చదవడం రాకపోతే చదివించుకోండి.

కళేబరం కొట్టుకుపోయిందా? టీకాల నమోదు, పాల కేంద్రం పుస్తకం, ఇరుగుపొరుగు సాక్ష్యం జతచేయండి.

ఇంటికి పరిమితి కూడా ఉంది: పెద్ద పాడి పశువులు మూడు, లేదా గొర్రెలు, మేకలు 30. కోళ్లకు తలా ₹100, ఇంటికి ₹10,000 దాటదు. అన్నదమ్ముల పేర్ల మీద పంచి రాయడం తెలివనుకుంటారు గానీ, ఒకే ఇంటివాళ్లని తేలితే అసలుకే మోసం. రాష్ట్రం పైన కలిపితే ఎక్కువ రావచ్చు. 2024 సెప్టెంబరు వరదలప్పుడు ఆంధ్రప్రదేశ్ పాడి పశువుకు ₹50,000 ప్రకటించింది.

4. పంచనామా (సాక్షుల ముందు చూసి రాసుకునే నివేదిక) అయ్యాకే పూడ్చండి. ఆరడుగుల గొయ్యి, సున్నం, బావికి దూరంగా.

5. లబ్ధిదారుల జాబితా పెట్టగానే పేరు, పశువు రకం, సంఖ్య చూసుకోండి. తేడా ఉంటే అభ్యంతరం కాగితం మీదే ఇవ్వండి.

6. డబ్బు పాసుపుస్తకంలోని ఖాతాకే వస్తుందని నమ్మకండి. ఆధార్ ఆధారంగా జమచేస్తే చివరిగా ఆధార్ అనుసంధానించిన ఖాతాలో పడుతుంది. అది ఎప్పుడో మూసేసిన ఖాతా అయితే సొమ్ము వెనక్కి పోతుంది. బ్యాంకులో అడిగి ఇవాళే సరిచేయించుకోండి.