రాస్ప్‌బెరీ పై 3: సీరియల్ కన్సోల్‌లో చెత్త అక్షరాలు వస్తుంటే

సీరియల్ కన్సోల్ అంటే రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డును వైర్ల ద్వారా మరో కంప్యూటర్ నుంచి టెక్స్ట్‌తో నడిపే దారి. ముందు ఆ కంప్యూటర్ టెర్మినల్‌లో బాడ్ రేటు (డేటా వెళ్లే వేగం) 115200 ఉందో లేదో చూడండి. అది సరిగ్గానే ఉంటే బోర్డు కాన్ఫిగ్ ఫైల్లో (config.txt) 'enable_uart=1' అనే లైను చేర్చి రీబూట్ చేయండి. ఈ బోర్డులోని మినీ యూఆర్ట్ (సీరియల్ డేటా పంపి, అందుకునే భాగం) వేగం కోర్ క్లాక్‌ను బట్టి మారిపోతుంది. ఈ లైను ఆ క్లాక్‌ను కదలకుండా పట్టి ఉంచుతుంది.

అసలేమీ రాకపోతే చాలాసార్లు తప్పు వైర్లదే. బోర్డు 8వ పిన్ యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ ఆర్ఎక్స్‌కి (డేటా అందుకునే పిన్), 10వ పిన్ టీఎక్స్‌కి (డేటా పంపే పిన్), 6వ పిన్ గ్రౌండ్‌కి వెళ్లాలి. అడాప్టర్ సిగ్నల్ 3.3 వోల్టులే ఉండాలి, 5 వోల్టులైతే పిన్ కాలిపోవచ్చు. దయచేసి ఇది మాత్రం మీటరుతో చూసుకోండి. పవర్ వైరు కలపనక్కర్లేదు.

సందేశాలు కనిపిస్తూ, టైప్ చేసింది మాత్రం వెళ్లడం లేదా? మినీకామ్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (అదనపు వైర్లతో డేటాను ఆపి, పంపే పద్ధతి) ఆపేయండి.